మంచము విడిచి ఇచ్చిన జీన్ జుగాన్



శతాబ్ది సంచికలో మన డయోసిస్‌కు పునాదులు వేసిన మిషనెరీలను, ఎండనక వాననక పల్లెలు తిరిగిన సువార్తికులను, బైబిలు స్త్రీలను జ్ఞాపకము చేసుకోవడము మన విధి. ఆ పని ఈ సంచికలో ఇతరులు చేస్తున్నారు. నేను మాత్రము మన దేశములో ఎన్నడూ అడుగుపెట్టని, మన శాఖకు చెందని ఒక స్త్రీ జీవితమును మీ ముందు ఉంచుతున్నాను. ఆమె పేరు జీన్ జుగాన్. ఫ్రాన్సు దేశస్థురాలు, రోమన్ కాథలిక్కు. చదువు అంతంతమాత్రము. సగము జీవితము ఇతరుల ఇండ్లలో పనిచేసి, తరువాత బుట్ట చేతపట్టి ఇంటింటా బిచ్చమెత్తిన మనిషి. అయినా 1879లో ఆమె కన్నుమూసేనాటికి ఆమె ప్రారంభించిన పరిచర్యలో సుమారు 2,400 మంది సిస్టర్లు ఉన్నారు. దిక్కులేని వృద్ధులను చేరదీయడమే వారి పని. వారిని లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అంటారు. పేదలకు చిన్న చెల్లెళ్లు అని ఆ పేరుకు అర్థము. వారి గృహము ఒకటి మన సికింద్రాబాదులో కూడా ఉన్నది.

ఈమె కథ మనకెందుకు అని మీరు అడగవచ్చును. షంషాబాదు ప్రాంతములో పరిచర్య చేసే ఏ పాస్టరునైనా అడిగి చూడండి. 2008 మార్చిలో ఇక్కడ రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము ప్రారంభమైనది. సుమారు 5,500 ఎకరాల నేల దాని క్రిందికి పోయినది. చేలు ఉన్నచోట రన్‌వేలు, గోదాములు, హోటళ్లు, ప్లాట్లు వచ్చాయి. మన బిడ్డలలో కొందరు అక్కడే డ్రైవర్లుగా, సెక్యూరిటీ వారిగా, సామాను మోసేవారిగా, కౌంటర్లలో గుమాస్తాలుగా కుదురుకున్నారు. మరి కొందరు ఆ విమానమే ఎక్కి గల్ఫుకు, అమెరికాకు పోయారు. వారిని తప్పుపట్టడానికి లేదు. మనమే ప్రార్థన చేసి, చప్పట్లు కొట్టి పంపించాము. అయితే రాత్రి పూట తల మీదుగా విమానము పోయే చప్పుడు వింటూ ఇంటిలో మిగిలినది ఎవరు? డెబ్బది, ఎనుబది యేండ్ల తల్లులు, తండ్రులు.

వీరి చివరి దినములు ఎక్కడ గడవాలి, ఎవరి చేతులలో గడవాలి అన్న ప్రశ్న ప్రతి సంఘములోను ఉన్నది. దానిని పైకి అడగడానికి మాత్రము అందరికీ సిగ్గు. తల్లిని ఆశ్రమములో వేశారు అనే మాట పడితే ఆ కుటుంబము ఆదివారము ఆరాధనకు రావడానికే జంకుతుంది. ఆ మాటకు భయపడి మరొక కుటుంబము తల్లిని ఇంటనే ఉంచుకొని, వెనుక గదిలో ఒంటరిగా వదిలివేస్తుంది. ఈ రెండు బాధల మధ్య నలిగే వారికి జీన్ జుగాన్ జీవితము ఒక మార్గము చూపుతుందని నా నమ్మకము.

కాంకాల్ రేవులో బాల్యము

ఫ్రాన్సు దేశపు పడమటి కొసన బ్రిటనీ అనే ప్రాంతము ఉన్నది. అక్కడ సముద్రపు ఒడ్డున కాంకాల్ అనే బెస్తల ఊరు. 1792 అక్టోబరు 25న జీన్ అక్కడ జన్మించింది. ఎనిమిది మంది బిడ్డలలో ఆమె ఆరవది. తండ్రి చేపల వేటకు పోయేవాడు. ఆమెకు నాలుగేండ్లయినా నిండకముందే ఒకసారి వేటకు పోయిన తండ్రి తిరిగి రాలేదు. మన కోస్తా తీరపు పల్లెలలో తుఫాను తరువాత రేవు వైపు చూస్తూ కూర్చునే స్త్రీలను ఎరిగినవారికి ఆ ఇంటి స్థితిని వేరే చెప్పనక్కరలేదు. తల్లి కూలిపని చేసి మిగిలిన బిడ్డలను పెంచింది.

అది ఫ్రెంచి విప్లవపు కాలము. దేవాలయాలు మూతపడ్డాయి. ప్రభుత్వమునకు ప్రమాణము చేయని గురువులు ప్రాణభయముతో దాగికొన్నారు. ఊరి స్త్రీలే రహస్యముగా పిల్లలకు ప్రార్థనలు, వాక్యము నేర్పేవారు. జీన్ విశ్వాసము అటువంటి వంటింటి బడిలో మొలకెత్తింది. పశువులు కాయడము, ఉన్ని వడకడము, అల్లడము నేర్చుకొన్నది. అక్షరాలు కొద్దిగా వచ్చాయి.

ఇతరుల ఇండ్లలో సేవ

పదునారవ యేట ఆమె దగ్గరలోనే ఉన్న ఒక జమీందారిణి ఇంట వంటపనికి కుదిరింది. ఆ యింటి యజమానురాలు భక్తిగలది. రోగులను, బీదలను చూడబోయినప్పుడు ఈ వంటపిల్లను వెంట తీసుకొని వెళ్లేది. గడప దాటి లోపలికి పోయి, మంచము ప్రక్కన కూర్చుని, రోగి చెప్పేది వినడము జీన్ అక్కడ నేర్చుకొన్నది. ఒక నావికుడు ఆమెను పెండ్లి చేసుకొంటానని రెండు పర్యాయములు కబురు పంపాడు. ఆమె ఒప్పుకొనలేదు. ఇంకా పుట్టని ఏదో ఒక పని కొరకు దేవుడు తనను ఉంచుకొన్నాడని తల్లితో చెప్పింది. ఆ పని ఏమిటో ఆమెకే తెలియదు. అది తెలిసేసరికి ఆమెకు నలుబది యేడు సంవత్సరాలు వచ్చాయి. దేవుడు ఇంకా పిలవలేదని నిరాశపడే యౌవనస్థులు ఈ సంగతి గమనించాలి.

1817లో ఆమె తనకున్న మంచి బట్టలు అక్కచెల్లెళ్లకు ఇచ్చివేసి, సెయింట్ సెర్వాన్ అనే రేవు పట్టణమునకు వెళ్లింది. అక్కడి ఆసుపత్రిలో ఆరేండ్లు రోగులకు పరిచర్య చేసి, ఆరోగ్యము చెడి, విశ్రాంతి తీసుకోక తప్పలేదు. అప్పుడు లెకాక్ అనే అవివాహిత స్త్రీ ఆమెను తన ఇంట పెట్టుకొన్నది. పేరుకు యజమానురాలు, పనిమనిషి. కాని ఇద్దరూ అక్కచెల్లెళ్లవలె పన్నెండేండ్లు కలిసి జీవించారు. కలిసి ప్రార్థించారు, పిల్లలకు వాక్యము నేర్పారు, బీదల ఇండ్లకు వెళ్లారు. 1835లో ఆమె మంచాన పడి మరణించేవరకు జీన్ ప్రక్కనే ఉండి సేవచేసింది. ఒక మనిషిని చివరి శ్వాస దాకా కనిపెట్టుకొని ఉండడము అంటే ఏమిటో ఆమె ఆ గదిలో నేర్చుకొన్నదని చెప్పవచ్చును.

1839 చలికాలము

తరువాత జీన్ మరొక వృద్ధురాలితో కలిసి చిన్న ఇల్లు అద్దెకు తీసుకొన్నది. వర్జీనీ అనే అనాథ పిల్ల వారితో చేరింది. జీన్ పగలు ఇతరుల ఇండ్లలో బట్టలు ఉతికి, కుట్టుపని చేసి, రోగులను చూసి నాలుగు డబ్బులు తెచ్చేది. సెయింట్ సెర్వాన్ నిండా బీదలే. సముద్రము మీదికి పోయి తిరిగిరాని నావికుల తల్లులు, భార్యలు ముసలితనములో వీధులలో బిచ్చమెత్తేవారు. వారికి కుటుంబము లేదు, పింఛను లేదు.

1839 చలికాలములో ఆన్ షోవాన్ అనే వృద్ధురాలి సంగతి జీన్ చెవిన పడింది. ఆమెకు చూపులేదు, పక్షవాతముతో సగము శరీరము పడిపోయినది. ఆమెను చూసుకొంటున్న చెల్లెలు కూడా ఆసుపత్రి పాలయింది. జీన్ ఇంటిలోని ఇద్దరితో ఆలోచించి, ఆమెను ఇంటికి తీసుకొనివచ్చింది. ఇరుకైన మెట్లు. ఆ అంధురాలిని వీపున మోసి పైకి ఎక్కించింది. తన మంచము మీద పడుకోబెట్టింది. తాను పైనున్న అటక మీదికి పోయి పడుకొన్నది.

ఈ మహా పరిచర్యకు శంకుస్థాపన ఇదే. కమిటీ వేయలేదు, విరాళాల పుస్తకము అచ్చు వేయలేదు, స్థలము కొనలేదు. ఒక మంచము ఖాళీ చేసింది. ఇక్కడ మనము ఒక్క నిమిషము ఆగి ఆలోచించాలి. మనకు మిగిలినది ఇవ్వడము సులభము. పాత దుప్పటి, పాత కుర్చీ, వెనుక గది, వాడని మంచము ఇవ్వగలము. జీన్ ఇచ్చినది ఆ రాత్రి తాను పడుకోవలసిన పరుపు. అందుచేత ఆ వృద్ధురాలు ఆ యింటిలో అతిథి కాలేదు, భారము కాలేదు. ఇంటి నడిమి మనిషి అయింది.

కొద్ది దినాలకే మరొక వృద్ధురాలు వచ్చింది. ఆమె ఒక ఇంట జీవితాంతము దాసిగా పనిచేసి, యజమానులు చితికిపోయినప్పుడు తాను దాచుకొన్న సొమ్ముతో వారినే పోషించి, వారు పోయాక నిలువ నీడ లేక మిగిలినది. వర్జీనీ తన మంచము ఆమెకు ఇచ్చింది. మేరీ జామే అనే మరొక యువతి కూడా వీరితో చేరింది. ఆ ఊరి సహాయ గురువు లె పాయర్ వారికి సలహాలు ఇచ్చేవాడు. 1841లో ఒక పాత సారాయి దుకాణమును అద్దెకు తీసుకొని పన్నెండు మంది వృద్ధురాండ్రను అందులో ఉంచారు. 1842లో ఒక పాత కాన్వెంటు భవనము కొన్నారు. అదే సంవత్సరము మే నెలలో తోటివారందరు జీన్‌ను తమ చిన్న సహవాసమునకు పెద్దగా ఎన్నుకొన్నారు.

బుట్ట పట్టిన చేయి

ఇంటినిండా మనుషులు చేరారు. పొయ్యిలోకి కట్టెలు కావాలి, గిన్నెలోకి రొట్టె కావాలి. అప్పటివరకు ఈ వృద్ధురాండ్రు బిచ్చమెత్తే బ్రతికారు. మరల వీధిలోకి పంపితే అవే అవమానాలు. దొరికిన డబ్బులు త్రాగుడుకు పోసే పాత అలవాటు కూడా కొందరికి ఉన్నది. జీన్ ఒక నిర్ణయము చేసింది. ఏయే ఇండ్లలో ఎవరెవరు వారికి భిక్ష పెట్టేవారో ఒక్కొక్కరిని అడిగి తెలుసుకొన్నది. ఇకమీదట ఆమె ఇంట కూర్చుంటుంది, ఆమెకు బదులు నేను వచ్చాను అని చెప్పుకొంటూ ఆ గడపలన్నీ తానే ఎక్కింది. రోగుల సేవ చేసే ఒక సహోదర సంఘమువారు ఆమెకు ఈ పద్ధతి నేర్పి ఒక బుట్ట ఇచ్చారు. మిగిలిన రొట్టె, పాత బట్ట, కట్టెలు, చిల్లర నాణెములు, ఏది ఇచ్చినా పుచ్చుకొనేది.

ఆత్మాభిమానము గల బ్రిటనీ స్త్రీకి అది తేలిక కాదు. ఒక ధనికుడు కోపముతో ఆమెను కొట్టినప్పుడు, అది తన వంతు అని శాంతముగా ఒప్పుకొని, ఇక తన బీదల వంతు ఇవ్వమని అడిగిందని ఇప్పటికీ చెప్పుకొంటారు.

ఇంటిలో ఉన్న వృద్ధులను కూడా ఆమె ఊరక కూర్చోబెట్టలేదు. చేతనైనవారు నూలు వడికేవారు, ఉన్ని అల్లేవారు. అక్కరకు వచ్చే మనిషిని అన్న తృప్తి ముసలి ప్రాణమునకు మందువంటిదని ఆమెకు తెలుసు. ఆ గృహములో చేరినవారిని జబ్బు ముదిరిందని మరొకచోటికి పంపివేయడము లేదు. అక్కడే, తెలిసిన ముఖాల మధ్య, ప్రక్కన ఒకరు కూర్చుని ఉండగా కన్నుమూసేవారు. మరణశయ్య మీద ఉన్నవారిని ఒంటరిగా విడువకూడదన్న ఆచారము ఆ సిస్టర్లలో నేటికీ ఉన్నది.

ప్రక్కకు నెట్టబడిన స్థాపకురాలు

1843 డిసెంబరులో సహోదరీలు జీన్‌ను తిరిగి పెద్దగా ఎన్నుకొన్నారు. సుమారు రెండు వారాల తరువాత లె పాయర్ గురువు తన అధికారముతో ఆ ఎన్నికను రద్దుచేసి, ఇరువది మూడేండ్ల మేరీ జామేను ఆ స్థానములో కూర్చోబెట్టాడు. జీన్‌కు అప్పటికి ఏబది యొక్క సంవత్సరములు. ఆమె వాదించలేదు. మరల బుట్ట తీసుకొని వీధిలోకి వెళ్లింది.

లోకము ఆమెను గుర్తించింది. 1845లో ఫ్రెంచి అకాడమీ దేశములోని గొప్ప సత్కార్యమునకు ఇచ్చే మోంతియోన్ బహుమానమును ఆమెకు ప్రకటించి 3,000 ఫ్రాంకులు ఇచ్చింది. ఆమె ఆ ప్రశంసాపత్రమును కూడా బుట్టలో పెట్టుకొని కొత్త ఊళ్లలో పరిచయ పత్రముగా వాడుకొన్నది. రెన్, దినాన్, తూర్, ఆంజే పట్టణాలలో గృహాలు లేచాయి. ఎక్కడ అప్పులు పెరిగితే అక్కడికి జీన్‌ను పంపేవారు. 1851లో ఈ సేవ సముద్రము దాటి లండనుకు చేరింది.

1852లో రెన్ బిషప్పు ఈ సంస్థను అధికారికముగా ఆమోదించాడు. సంతోషించవలసిన ఆ సంవత్సరమే లె పాయర్ ఆమెను ప్రధాన గృహమునకు పిలిపించి, ఇక దాతలతో ఏ సంబంధమూ పెట్టుకొనవద్దని ఆజ్ఞాపించాడు. అప్పటినుండి మరణించేవరకు ఇరువది యేడు సంవత్సరములు ఆమె మరుగుననే ఉండిపోయింది. 1856లో సంస్థవారు సెయింట్ పెర్న్ గ్రామము వద్ద లా తూర్ అనే ఎస్టేటు కొని అక్కడికి మారినప్పుడు ఆమె కూడా అక్కడికి చేరింది. ఆమెకు ఇచ్చిన పేరు సిలువ మేరీ. సంస్థను స్థాపించినది లె పాయరే అని, మొదటి సిస్టరు మేరీ జామే అని కొత్తవారికి నేర్పారు. చేతికర్ర పట్టుకొని తోటలో నడిచే ఆ ముసలి సిస్టరే తమ తల్లి అని అక్కడి శిక్షణ పొందే అమ్మాయిలలో చాలా మందికి తెలియదు.

ఈ అన్యాయమును పవిత్రమని చెప్పడానికి నాకు మనసొప్పదు. సంఘములో అధికారము ఉన్నవారు సత్యమును మరుగుచేస్తే అది పాపమే. ఆమె మౌనము వారి తప్పును ఒప్పు చేయదు. అయినా ఆమె ఆ దినాలను ఎట్లు గడిపిందో చూడండి. చేదును మనసులో ఉంచుకొనలేదు. పడుచు సిస్టర్లకు వృద్ధులతో ఓర్పుగా మాట్లాడడము, పనిలోనే ప్రార్థన చేయడము, చిన్నవారిగా ఉండడము నేర్పింది. 1865లో సంస్థకు స్థిరమైన ఆస్తుల ఆదాయము ఉండవచ్చునా అన్న ప్రశ్న లేచినప్పుడు ఆమెను ఆలోచన సభకు పిలిచారు. వద్దు, దినదిన ఆహారము కొరకు దేవుని మీదనే ఆనుకోవాలి అన్నదే ఆమె అభిప్రాయము. సభ దానినే అంగీకరించింది. ఆ తీర్మానము మీద ఆమె సంతకము కూడా ఉన్నది.

ఇక్కడ మనకు దాగిన మేలు ఒకటి ఉన్నది. వృద్ధులను చేరదీసిన స్త్రీ తానే వృద్ధురాలయింది. ఆమె తన స్వంత ఇంటిలో లేదు, స్వంత బిడ్డలు లేరు, చేతిలో పదవి లేదు, గౌరవము తీసివేయబడింది. కన్నులు మసకబారాయి. మన వృద్ధులు పోగొట్టుకొనేవన్నీ ఆమె పోగొట్టుకొన్నది. అయినా ఆమె ప్రక్కన ప్రతి దినము మనుషులు ఉన్నారు. ఆమె మాట వినేవారు, ఆమె నేర్పితే నేర్చుకొనేవారు ఉన్నారు. 1879 ఆగస్టు 29న, ఎనుబది యారు సంవత్సరాల వయసులో, వారి మధ్యనే ఆమె ప్రభువు సన్నిధికి చేరింది.

సత్యము సమాధిలో ఉండిపోలేదు. 1890లో లె పాయర్‌ను రోముకు పిలిపించి పదవినుండి తొలగించారు. తరువాతి సంవత్సరాలలో జీన్ నిజమైన స్థాపకురాలని సంస్థ ఒప్పుకొన్నది. రోమన్ సంఘము ఆమెను 1982లో ధన్యురాలిగా, 2009 అక్టోబరు 11న పరిశుద్ధురాలిగా ప్రకటించింది. పరిశుద్ధులకు ప్రార్థించే ఆచారము మనకు లేదు. కాని మంచి మాదిరిని చూసి నేర్చుకోవడానికి శాఖలు అడ్డము రాకూడదు.

అదే 1879లో

జీన్ మరణించిన సంవత్సరమే, డిసెంబరులో, ఐర్లండు దేశపు డబ్లిన్ నగరములో కాథలిక్కు సిస్టర్లు ఇక నయము కాదని తేలిన రోగుల కొరకు ఒక గృహము తెరిచారు. దానికి హాస్పిస్ అని పేరు. పూర్వము యాత్రికులు బడలిక తీర్చుకొనే సత్రమును ఆ మాటతో పిలిచేవారు. 1905లో అదే సిస్టర్లు లండనులో సెయింట్ జోసఫ్స్ హాస్పిస్ స్థాపించారు. అక్కడ పనిచేసి అనుభవము పొందిన సిసిలీ సాండర్స్ అనే వైద్యురాలు 1967లో లండనులోనే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించింది. నేటి అంత్యకాల సంరక్షణకు అది మాతృగృహము వంటిది. మన దేశములో 1986లో బొంబాయిలో శాంతి అవేద్నా సదన్ మొదలయింది. మన హైదరాబాదులో ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలో నొప్పి ఉపశమన విభాగము పనిచేస్తున్నది. 2011లో స్పర్శ్ హాస్పిస్ ప్రారంభమైనది.

వృద్ధాశ్రమము వేరు, హాస్పిస్ వేరు. ఈ తేడా మన సంఘస్థులు తెలుసుకోవాలి. వృద్ధాశ్రమము నివాసము. హాస్పిస్ అనేది నయము కాని వ్యాధి చివరి దశలో ఉన్నవారికి చేసే సంరక్షణ. అక్కడ వ్యాధిని తరిమే ప్రయత్నము ఆపి, మనిషి బాధను తరిమే ప్రయత్నము చేస్తారు. నొప్పి, ఆయాసము, పుండ్లు, నిద్రలేమి, భయము, వీటికి చికిత్స జరుగుతుంది. కుటుంబమును కూడా ఆదరిస్తారు. ఇది భవనములోనే జరగాలని లేదు. నర్సు, డాక్టరు ఇంటికి వచ్చి కూడా చేయవచ్చును. తీవ్రమైన నొప్పికి డాక్టరు సరియైన మోతాదులో ఇచ్చే మార్ఫిన్ విషము కాదు, వ్యసనమూ కాదు. ఆ మందు అవసరమైన రోగులకు సులువుగా అందాలని 2014లో పార్లమెంటు చట్టమును సవరించింది. నొప్పి భరించడమే విశ్వాసమునకు గుర్తు అని మనలో కొందరు అనుకొంటారు. గాయపడినవానికి నూనె, ద్రాక్షారసము పోసి కట్లు కట్టిన సమరయుని కథ చెప్పిన ప్రభువు ఆ మాట అంగీకరించడు.

మనకు ఏమి మిగిలినది

ఇప్పుడు షంషాబాదుకు తిరిగి వద్దాము. జీన్ జుగాన్ జీవితమునుండి నేను గ్రహించినది ఇది. వృద్ధుల అంత్యకాలములో అసలు ప్రశ్న ఏ కప్పు క్రింద అన్నది కాదు. ఎవరి ప్రక్కన అన్నది. ఆన్ షోవాన్ తన స్వంత ఇంట మరణించే భాగ్యము పొందలేదు. జీన్ కూడా పొందలేదు. అయినా వారిద్దరూ విడువబడినవారు కారు. స్వంత ఇంట, స్వంత మంచము మీద, దినమంతా ఒక్క మనిషి ముఖము చూడక గడిపే తల్లి మన వీధులలో ఉన్నది. ఆమే విడువబడినది.

కాబట్టి తల్లినో తండ్రినో మంచి గృహములో చేర్చవలసి వచ్చిన కుటుంబమును వేలెత్తి చూపడము మానుకొందాము. పక్షవాతము, మతిమరుపు, పుండ్లు పడిన శరీరమును రాత్రింబవళ్లు చూడడము ఒక కోడలి నడుము మీద మోపి, ప్రేమ లేదని తీర్పు తీర్చడము న్యాయము కాదు. అయితే చేర్చినవారు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. నెలనెలా డబ్బు పంపడముతో ఋణము తీరదు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టము పోషణ ఖర్చు ఇప్పించగలదు. మంచము ప్రక్కన కూర్చుని చేయి పట్టుకోవడము ఏ చట్టమూ చేయించలేదు.

సంఘముగా మనము చేయగలిగినవి ఉన్నాయి. ప్రతి పాస్టరేటులో ఒంటరి వృద్ధుల పట్టిక ఒకటి తయారు కావాలి. స్త్రీల మైత్రి, యౌవన సమాజము ఇద్దరిద్దరుగా పంచుకొని వారము వారము ఒక్కొక్క ఇంటికి వెళ్లాలి. వెళ్లినవారు ప్రార్థన చేసి లేచి రాకుండా, ఒక గంట కూర్చోవాలి. మంచాన ఉన్నవారిని ప్రక్కకు త్రిప్పడము, పుండ్లు పడకుండ చూడడము, నోరు శుభ్రపరచడము వంటి పనులు మన సంఘములోనే ఉన్న నర్సులు యౌవనస్థులకు నేర్పవచ్చును. విదేశములో ఉన్న బిడ్డలు తమ ఇంటి మీద ఇంకొక అంతస్తు వేయడానికి పంపే సొమ్ములో కొంత, ప్రక్క వీధిలోని దిక్కులేని వృద్ధునికి ఒక ఆయాను పెట్టడానికి పంపవచ్చును. శతాబ్ది జ్ఞాపకార్థము భవనము కట్టాలనుకొంటే కట్టుదాము. కాని శిలాఫలకము మీద ఎవరి పేరు ముందు రావాలి అన్న తగవు వచ్చిన దినము, తాను స్థాపించిన ఇంటిలో పేరులేక ఇరువది యేడేండ్లు జీవించిన స్త్రీని తలుచుకొందాము.

వృద్ధులైన మీతో కూడా ఒక మాట. బలము తగ్గినప్పుడు నన్ను విడువవద్దని కీర్తనకారుడు దేవునికి మొరపెట్టాడు. మీరును ఆ ప్రార్థన చేయవచ్చును. అందులో సిగ్గుపడవలసినది లేదు. మీ చివరి దినములు ఎట్లు గడవాలని కోరుతున్నారో, ఏ చికిత్స కావాలో, ఏది వద్దో, మాట ఉండగానే మీ బిడ్డలతో చెప్పండి. అది అపశకునము కాదు. వారి భారమును తగ్గించడము. పదవి, చూపు, నడక పోయినా లా తూర్ తోటలో ఆ వృద్ధురాలు నేర్పుతూనే ఉన్నది. మీరు చెప్పవలసినదియు ఇంకా ఉన్నది.

మన ప్రభువు సిలువ మీద ప్రాణము విడిచే గడియలో కూడా తల్లి ఎక్కడ ఉంటుంది అని ఆలోచించాడు. ఆమెను తన శిష్యునికి అప్పగించాడు. ఆ శిష్యుడు రక్తసంబంధి అని కాదు, దగ్గర నిలిచి ఉన్నాడు గనుక అప్పగించాడు. ఆ గడియ నుండి అతడు ఆమెను తన ఇంట చేర్చుకొన్నాడు. నూరేండ్ల క్రిందట మన పితరులు చెట్టు నీడన ఆరాధన మొదలుపెట్టిన ఈ సంఘమునకు ప్రభువు నేడు అప్పగిస్తున్నవారు ఎవరో మనము ఎరుగుదుము. వారిని చేర్చుకొనే కృప దేవుడు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.